ఏడవొచ్చు గానీ కదలకూడదు

"అక్కా, మా నాన్నకి నవ్వు పెట్టగలరా?" అని అడిగింది ఆ అమ్మాయి.

గోపాలపట్నం మెయిన్ రోడ్డులో మాది ఫోటో ఫ్రేముల షాపు. గోడల నిండా దేవుళ్ళుంటారు, పెళ్ళిళ్ళుంటాయి గానీ షాపు నడిచేది మాత్రం పోయినవాళ్ళ మీద. పదకొండో రోజుకి ఫోటో కావాలంటూ వచ్చేవాళ్ళ కోరికలు నాకు కొత్త కావు. లుంగీతో బతికినవాడికి కోటు తొడగమంటారు. నూలుచీర తప్ప ఎరగని ముసలమ్మకి పట్టుచీర కట్టమంటారు. బట్టతల మీద జుట్టు మొలిపించమన్నవాళ్ళూ ఉన్నారు. అన్నీ కంప్యూటర్లో చేసిస్తాను. పోయినవాళ్ళు ఎలాగూ వచ్చి అడగరు కదా. నవ్వు కూడా పెట్టిస్తాను, దాందేముంది? కానీ ఆ అమ్మాయి ఫోను తెరిచి చూపించేసరికి చేతిలో ఉన్న గాజు కోసే కత్తి బల్ల మీద పెట్టేశాను.

ఫోటోలో ఉన్నది ఆర్టిస్టు. ఆర్టిస్టంటే పూర్తిగా కూడా కాదు, సగం ముఖం. ఒక పెద్ద బొమ్మని రెండు చేతులా ఎత్తి గుండెలకి ఆనించుకుని నిలబడ్డాడు. బొమ్మ పై అంచు మీంచి ఆయన నుదురు, కళ్ళు, ముక్కు మొదలు, అంతవరకే కనిపిస్తున్నాయి. ఆ ముందున్న బొమ్మ మా అమ్మది.

"పోయారా?" అన్నాను.

"గుండెపోటు అక్కా. నిద్దట్లోనే. ఇంకో ఫోటో లేదు. ఆధార్ కార్డులో ఉంది గానీ..." అని అదీ చూపించింది. అందులో ఆయన మాడిపోయిన అట్టులా ఉన్నాడు. "దీంట్లోంచి పైభాగం తీసుకుని, కింద మీరే ఏదో ఒకటి పెట్టండి. నవ్వుతున్నట్టు ఉండాలి. హాల్లో పెట్టుకోవాలి, రోజూ చూడాలి కదా. నాకు భయం వెయ్యకుండా ఉంటే చాలు."

భయం వెయ్యకుండా అట. సొంత తండ్రి ఫోటో. వింటే ఎవరికైనా కడుపు తరుక్కుపోవాలి. నాకు మాత్రం సరేలే, ఈ పిల్ల అబద్ధం ఆడటం లేదు అనిపించింది. ఆయన పోయాడంటే నాకూ ఏడుపు రాలేదు.

*

ఆయన పేరు మా పేటలో ఎవరికీ తెలీదు. ఆర్టిస్టు అంటే ఆయనే. నా చిన్నప్పుడు సినిమా హాళ్ళకి కటౌట్లు రాసేవాడు. హీరోల బుగ్గల మీద నిచ్చెన వేసుకుని తిరిగిన మనిషి. ఆ పని లేనప్పుడు మా నాన్న ఆయనకి చచ్చిపోయినవాళ్ళని ఇచ్చేవాడు. అప్పటికి కంప్యూటర్లు లేవు. పాస్‌పోర్టు ఫోటో చూసి నూనెరంగుల్లో పెద్ద బొమ్మ వేసిస్తే నాన్న ఫ్రేము కట్టేవాడు. పని చక్కగా చేసేవాడు. నోరే మంచిది కాదు.

ఒకసారి ఎలమంచిలి నుంచి ఒకాయన తండ్రి ఫోటో పట్టుకుని వచ్చాడు. "మా నాన్నని కొంచెం నవ్వుతున్నట్టు ఎయ్యండి బాబూ" అన్నాడు.

"మీ నాన్న ఎప్పుడైనా నవ్వినాడా?"

"లేదండి. కొంచెం కోపిస్టి."

"మరి సచ్చిపోనాక ఎందుకు నవ్వుతాడ్రా? నిన్ను సూసా?"

ఆ మనిషి ముఖం మాడిపోయింది. నాన్న పరుగున వచ్చి కూల్‌డ్రింకు తెప్పించి సర్దిచెప్పాడు. ఆర్టిస్టు మాత్రం అదేమీ పట్టనట్టు ఆ కొడుకు ముఖం వంకే చూస్తూ నిలబడ్డాడు. తిట్టు తగిలిన ముఖం ఎలా మారుతుందో చూడటం ఆయనకి సరదా. కొంతమందికి చుట్ట, కొంతమందికి చీట్లపేక, ఆయనకి ఇది.

ఇంకో అలవాటు ఉండేది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఒక కన్ను మూసి, చెయ్యి ముందుకి చాపి, బొటనవేలు అడ్డంగా పెట్టేవాడు. ఆ వేలు ఎదుటివాడి నోటికి అడ్డం వచ్చేట్టు చూసుకునేవాడు. కళ్ళు మాత్రమే మిగిలేవి. టీ కొట్టు దగ్గరా అంతే, బస్సులోనూ అంతే. జనం పిచ్చోడనుకునేవారు. "నోరు ఏటేటో సేస్తాదే. దానికి ఏలు అడ్డెట్టు, మనిసి దొరికిపోతాడు" అని నాతో అనేవాడు. నాకు సంబంధం చూస్తున్న రోజుల్లో పెళ్ళికొడుకు ఫోటో షాపులోనే ఉంటే, అడక్కుండానే వచ్చి దాని మీద వేలు పెట్టాడు. "ఈడు నవ్వుతన్నాడు గానీ కళ్ళు లెక్కలేత్తన్నాయి" అన్నాడు. ఆ మాట ఎలా పాకిందో పాకింది, సంబంధం తప్పిపోయింది. నాన్న ఆయనతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత నేను చేసుకున్నవాడి కళ్ళూ లెక్కలే వేశాయి, అది వేరే సంగతి.

ఫ్లెక్సీలు వచ్చాక కటౌట్లు పోయాయి. మా షాపులోకి కంప్యూటర్ వచ్చాక చచ్చినవాళ్ళూ ఆయన చెయ్యి దాటిపోయారు. ఇంకొకరైతే తాగుడికి పడేవారు. ఈయన ఏడిచేవాళ్ళ బొమ్మలకి పడ్డాడు.

మా పేటలో ఎక్కడ చావుకి షామియానా వేసినా అందులో ఆర్టిస్టు ఉండేవాడు. మూలన కుర్చీలో కూర్చుని, ఒళ్ళో అట్టముక్క పెట్టుకుని, పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు గీసుకునేవాడు. పరామర్శకి వచ్చాడనుకుని టీ ఇచ్చేవారు. తాగేవాడు కూడా. తర్వాత కొండవాలులో తన రేకుల షెడ్డులో వాటిని రంగుల్లో పెట్టేవాడు. ఆ బొమ్మలు చూస్తే తిన్నది సయించేది కాదు. పచ్చటి బుగ్గలు, ఒకటి పైకి ఒకటి కిందకి జారిన కళ్ళు, ముఖంలో సగం నోరే. రంగు కుంచెతో వేశాడో కత్తితో గీరాడో తెలిసేది కాదు.

"ఇదేటి మాస్టారూ, మనిషిలా లేదు" అన్నాను ఒకసారి.

"ఏడిసినప్పుడు నువ్వు మనిసిలా ఉంటావేటే? అద్దంలో సూసుకో" అన్నాడు.

సూసుకోవాల్సిన రోజు తొందరగానే వచ్చింది.

*

మా తమ్ముడు హైవే మీద బొగ్గు లారీ కింద పడ్డాడు. బండి మీద ఇంటికి వస్తున్నాడు. ఇంతకంటే చెప్పను.

అమ్మ ఏడవలేదు. శవం వచ్చినప్పుడు ఏడవలేదు, తీసుకెళ్ళినప్పుడూ ఏడవలేదు. గోడకి చేరబడి, కాళ్ళు బారజాపి, ఎదురుగా ఉన్న బీరువా వంక చూస్తూ కూర్చుంది. మా వైపు అలా వదిలెయ్యరు. ఏడవని మనిషిని ఏడిపించడం ఆడవాళ్ళ పని. అమ్మలక్కలంతా చుట్టూ చేరారు. వాడి చొక్కా తెచ్చి ఒళ్ళో వేశారు. వాడి ఫోను చేతికిచ్చారు. మా పెద్దమ్మ అయితే చెంపలు వాయించి, "ఏడవ్వే, నీ కొడుకు ఎల్లిపోనాడే, ఇంక రాడే" అని పెద్దగా అరిచింది. అమ్మ కదల్లేదు. ఇలాగే ఉంటే గుండె పట్టేస్తుందని అందరికీ భయం పట్టుకుంది.

అప్పుడు వచ్చాడు ఆర్టిస్టు. ఆడవాళ్ళని తప్పించుకుంటూ వచ్చి అమ్మకి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చంకలో ఉన్న అట్ట తీసి ముఖానికి అడ్డంగా నిలబెట్టుకున్నాడు. అట్ట మీంచి కళ్ళు ఒకటే కనబడుతున్నాయి.

"మీ వోడి బొమ్మ ఎయ్యాలమ్మా. ముకం ఎలాగుంటాదో సెప్పు" అన్నాడు.

అమ్మ బీరువా మీంచి చూపు తిప్పింది. "నీకు తెల్దేటి?"

"నాకు గురుతు లేదు. నుదురు?"

"ఎడల్పు."

"కనుబొమ్మలు?"

"కలిసిపోయుంటాయి."

"ఎడం బుగ్గ మీద ఏటుంది?"

"ఏటీ లేదు. కుడి బుగ్గ మీద మచ్చ. సిన్నప్పుడు పొయ్యి మీద పడ్డాడు."

"నోరు?"

అమ్మ ఆగింది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

"నోరు సెప్పమ్మా. నోరు లేకుండా ఎయ్యమంటావేటి? నవ్వితే ఏటి కనబడతాది?"

"పన్ను మీద పన్ను" అంది అమ్మ. అన్నది అన్నట్టే నోరు తెరుచుకుని ఉండిపోయింది. లోపల్నుంచి ఒక చప్పుడు వచ్చింది. దాన్ని ఏడుపు అనడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు. వీధి చివర ఉన్నవాళ్ళు కూడా లేచి వచ్చారు. తల గోడకేసి కొట్టుకోబోయింది.

"ఏడిస్తే ఏడువమ్మా. కదలకు" అన్నాడు ఆయన. అట్ట వెనక పెన్సిలు బరబరా తిరుగుతోంది.

నేను వెళ్ళి ఆ అట్ట లాక్కోబోయాను. మా పెద్దమ్మ నా జబ్బ పట్టుకుని వెనక్కి గుంజింది. "ఒగ్గీయే. ఏడిసింది కదా. ఒగ్గీ" అంది. ఆర్టిస్టు నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఒక కన్ను మూసి బొటనవేలు చాపాడు. అంత పెద్ద నోటికి ఆ వేలు సరిపోలేదు.

మా అమ్మని బతికించింది ఆయనేనని మా వీధి ఆడవాళ్ళు ఇప్పటికీ అంటారు. అననీ. బతికించడానికి వచ్చినవాడు అట్ట ఎందుకు తెచ్చుకున్నాడో వాళ్ళనే అడగాలి.

రంగుల పచ్చి ఆరకముందే ఆ బొమ్మ చూస్తానని అమ్మ పట్టుబట్టింది. తీసుకెళ్ళాను. రేకుల షెడ్డులో గోడకి ఆనించి పెట్టాడు. ఎర్రటి ముఖం, పసుపుపచ్చ కళ్ళు, మధ్యలో నల్లటి గొయ్యిలా నోరు. అమ్మ దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూసింది.

"దీంట్లో నా కొడుకేడి?" అంది.

"నోట్లో ఉన్నాడు" అన్నాడు ఆర్టిస్టు.

అమ్మ చెయ్యి చాపి ఆ నలుపుని ముట్టుకుంది. ఆయన ఒక్క దెబ్బ కొట్టాడు, చేతి మీద, ఫెళ్ళున. "రంగు పచ్చిది, ముట్టుకోకు!" అని అరిచాడు. కొడుకు పోయిన మనిషి మీద చెయ్యి చేసుకున్నాడు, ఒక రంగు చెడిపోతుందని. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ వేలికి అంటిన నలుపుని పైటచెంగులో చుట్టుకుని ఇంటికి వచ్చింది. ఆ వేలు చాన్నాళ్ళు సబ్బుతో రుద్దనివ్వలేదు.

తర్వాత బీచ్ రోడ్డులో ఏదో హాల్లో ఎగ్జిబిషన్ పెడితే అక్కడ ఆ బొమ్మకి పేరొచ్చింది. ఈ అమ్మాయి ఫోనులో ఉన్న ఫోటో అప్పటిదే. సీతమ్మధారలో ఒక డాక్టరు దాన్ని కొని క్లినిక్కులో తగిలించాడు. తగిలించిన కొన్నాళ్ళకే తిరిగి పంపేశాడు. ఆర్టిస్టు దాన్ని ఆటోలో వేసుకుని మా షాపుకే తెచ్చాడు, ఫ్రేము మూల విరిగిందని.

"రోగాలోలు బయపడి లేసిపోతన్నారట. మీ అమ్మ గట్టిదే" అన్నాడు, అదేదో మెచ్చుకోలు అన్నట్టు.

"ఈ బొమ్మ ఇక్కడే ఒదిలేసి ఎల్లండి మాస్టారూ. మా అమ్మని ఊరంతా తిప్పింది చాలు."

"ఏడుపు మీ అమ్మది. బొమ్మ నాది" అన్నాడు. మూల బాగుచేయించుకుని మళ్ళీ ఆటో ఎక్కించుకుపోయాడు. ఆ తర్వాత ఆయన్ని చూస్తే నేను ముఖం తిప్పుకునేదాన్ని. ఆయన పట్టించుకోలేదు. తిప్పుకున్న ముఖం మీద కూడా బొటనవేలు పెట్టే రకం.

*

"మీ నాన్న నవ్వు ఎలా ఉండేది? కొంచెం చెప్తే దగ్గరగా చేస్తాను" అని అడిగాను ఆ అమ్మాయిని.

"తెలీదక్కా" అంది. తర్వాత తనే చెప్పింది. "అమ్మ పోయినప్పుడు నేను చిన్నపిల్లని. అమ్మ పక్కనే స్టూలు వేసి నన్ను కూచోబెట్టి బొమ్మ వేశారు. ఏడవొచ్చు గానీ కదలకూడదు అన్నారు. తర్వాత కూడా అంతే. కింద పడ్డా, పరీక్ష పోయినా, నేను ఏడుస్తుంటే అట్ట తెచ్చుకునేవారు. నిజానికి ఆయన నన్ను సరిగ్గా చూసింది అప్పుడే కదా. అట్ట మీంచి కళ్ళు కనబడేవి. కింద ముఖం నాకు అంత గుర్తు లేదు."

"మరి ఏం చేసేదానివి?"

"ఏడవడం మానేశాను." తను మామూలుగానే చెప్పింది, పాలు మానేశాను అన్నట్టు. "ఇప్పుడు రమ్మన్నా రావట్లేదు. మా అత్తవారివైపు వాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు."

ఆ పిల్ల మీద జాలేసింది. ఆయన మీద ఉన్న మంట మాత్రం చల్లారలేదు. సరే, ఈయన్ని నవ్వించి తీరాలి అనుకున్నాను. జీవితమంతా ఒక్క బొమ్మకి నవ్వు పెట్టని పెద్దమనిషి, ఇంక కూతురి హాల్లో ఇకిలిస్తూ ఉండాలి.

మా పనిలో ఇది మామూలే. పాత ఫోటోలు చెదలు తినేస్తే చెవులూ ముక్కులూ ఇంకొకళ్ళవి తెచ్చి అతికిస్తాం. నోళ్ళకైతే కంప్యూటర్లో ఒక ఫోల్డరే ఉంది. ఒక బ్యాంకాయన నవ్వు పెట్టి చూశాను, డిపాజిట్టు అడుగుతున్నట్టుంది. ఒక టీచరమ్మగారి భర్త నవ్వు పెట్టాను, దొంగలా ఉన్నాడు. ఏదీ ఆ కళ్ళ కింద నిలబడటం లేదు. ఎదురుగా చూస్తున్న ముఖం కావాలి, నిండు నవ్వు కావాలి. అలాంటిది నా దగ్గర ఒక్కటే ఉంది. మా తమ్ముడిది.

చెయ్యి ఆగలేదు. మా అమ్మ ఏడుపు తీసుకున్నావు కదా, మా తమ్ముడి నవ్వు కూడా తీసుకో అనుకుంటూ అతికించాను. అలా పట్టేసింది, పుట్టినప్పట్నుంచి ఆయనదే అన్నట్టు. దవడకి ముడతలు వేశాను, మీసానికి తెలుపు వేశాను. పన్ను మీద పన్ను అలాగే ఉంచాను. నోరు మారేసరికి కళ్ళు కూడా మారిపోయాయి. మనుషుల్ని తూకం వేసే ఆ చూపు మనవల్ని ఎత్తుకునే తాత చూపు అయిపోయింది.

*

పదకొండో రోజు భోజనాలకి అమ్మ నాతో వస్తానంది. వద్దన్నాను. "నన్ను ఏడిపించినోడు. ఎల్లాలి" అంది. ఆ మాటకి ఎదురు చెప్పడం నా వల్ల కాలేదు. ఇప్పుడు అమ్మ కళ్ళు సరిగ్గా ఆనవు, ఫోటో పోల్చుకోలేదులే అనుకున్నాను.

ఆ అమ్మాయి వాళ్ళది సీతమ్మధారలో అపార్టుమెంటు. హాల్లో కుర్చీ మీద ఫోటో పెట్టి, పక్కన దీపం వెలిగించి, లావుపాటి బంతిపూల దండ వేశారు. వచ్చినవాళ్ళంతా దణ్ణం పెట్టి, "ఎంత కళగా ఉన్నాడో, ఇంత నవ్వుముఖం అని తెలీనే తెలీదు" అనుకుంటున్నారు. ఆ అమ్మాయి నన్ను చూసి ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. "థాంక్స్ అక్కా. పొద్దున్న మా పాప తాతకి ముద్దు పెట్టింది. నేను కూడా దగ్గరికెళ్ళి చూశాను. భయం వెయ్యలేదు" అంది. నిజంగానే తేలిగ్గా ఉంది మనిషి. వాళ్ళకీ వీళ్ళకీ మంచినీళ్ళు అందిస్తూ తిరుగుతోంది.

నేను చూసుకునేలోపు అమ్మ కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది. బాగా వంగి, ఫోటోకి జానెడు దూరంలో ముఖం పెట్టింది. అంత దగ్గరికి అమ్మ కళ్ళు ఆనుతాయని నాకు తట్టలేదు. ఒకప్పుడు నల్లరంగు అంటిన ఆ వేలితోనే గాజు మీద తడిమింది. నోటి దగ్గర ఆగింది. పన్ను మీద పన్ను దగ్గర.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నా వైపు తిరిగి ఒక్క చూపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

"ఈ నోరు ఈయనది కాదు" అంది, గొంతు పెంచకుండానే.

బంతిపూల దండని రెండు చేతులతో పైకి లాగి, ఫ్రేము మూలలకి బిగించింది. పువ్వులు నోటికి అడ్డంగా వచ్చాయి. ముక్కు మొదలు, కళ్ళు, నుదురు మిగిలాయి.

"ఇప్పుడు ఈయనే" అంది. పైట భుజాన సర్దుకుని, వెళ్ళి గోడవారన కూర్చుంది.

నవ్వు పోయేసరికి ఆ కళ్ళు పాతవైపోయాయి. పూల మీంచి హాలు మధ్యలోకి చూస్తున్నాయి. హాలు మధ్యలో ఆ అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో గ్లాసుల పళ్ళెం. దాన్ని మెల్లిగా నేల మీద దించింది. పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుంది. వెన్ను నిటారుగా పెట్టింది. చేతులు ఒళ్ళో వేసుకుంది. గడ్డం కాస్త ఎడమవైపు తిప్పి, పైకెత్తి, ఆపింది. ఎవరూ చెప్పలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ముఖంలో ఒక్క నరం కదల్లేదు. వెక్కు కూడా లేదు.

"హమ్మయ్య, ఏడిసింది" అన్నారు అత్తవారివైపు ఎవరో. "పాపం, ఇన్నాళ్ళకి దుక్కం బయటకొచ్చింది" అంది ఒక ముసలావిడ. ఆ ముసలావిడే దగ్గరకొచ్చి, "ఏడవ్వమ్మా, తనివితీరా ఏడువు" అంటూ తల గుండెలకి హత్తుకోబోయింది.

ఆ అమ్మాయి ఫోటో మీంచి చూపు తిప్పలేదు. పెదాలు కదిలీ కదలకుండా అంది:

"ముట్టుకోకండి పిన్నీ. కదిలిపోతాను."